చందా గణాంకములను రైతు చదువుకొను విధము

ప్రత్తి వేయవలెనా, మిరప వేయవలెనా అను ప్రశ్నకు జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల రైతు తొలకరి నాటికే సమాధానము చెప్పుకొనవలసి యుండును. మిరపకు పెట్టుబడి హెచ్చు. కౌలుదారునకు కౌలు భారము కూడ తోడగును. నిరుడు మంచి ధర పలికినదని విని ఈ యేడు మడి పెంచినవారు కోత నాటికి నష్టపోవుట మన మెట్ట ప్రాంతమునకు క్రొత్త కాదు. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోగా కేంద్ర ప్రభుత్వము క్వింటాలుకు 11,781 రూపాయలను కనీస ధరగా నిర్ణయించి, ఆంధ్రప్రదేశ్‌లో 2.91 లక్షల టన్నుల వరకు మార్కెట్ జోక్య పథకమును అనుమతింపవలసి వచ్చెను. కనుక ఒకరు చెప్పిన ఒక్క అంకెను పట్టుకొని పంట నిర్ణయించుకొనుట తగదు. అంకెలు దొరకుచోటు నేడు సెల్‌ఫోనులోనే కలదు. వాటిని చదువు పద్ధతి మాత్రము తెలిసియుండవలెను.

ఆన్‌లైన్ గణాంక భాండారములలో కొన్ని చందా చెల్లించిన వారికే తెరచుకొనును. మన దేశమునకు సంబంధించినంత వరకు ఇండియాస్టాట్ అనునది ఇట్టిది. డేటానెట్ ఇండియా అను సంస్థ దీనిని 2000 సంవత్సరములో ప్రారంభించెను. పంటల విస్తీర్ణము, దిగుబడి, వర్షపాతము, నీటి వనరులు మొదలగు వాటి పట్టికలు ఇందు రాష్ట్రముల వారీగాను, జిల్లాల వారీగాను ఉండును. ఈ సంస్థవారు మీ పొలమునకు వచ్చి కొలువరు. ప్రభుత్వ శాఖలు ప్రకటించిన లెక్కలనే ఏరి, కూర్చి, వెదకుటకు వీలుగా అమర్చుదురు. మీరు చెల్లించు చందా ఆ కూర్పునకే గాని అంకె మరింత నిజమగుటకు కాదు. ఈ సంగతి గ్రహించినచో ఒక రైతు తన సొంత సొమ్ముతో చందా కట్టనక్కరలేదని తెలియగలదు.

ముందుగా ఉచితముగా దొరకువానిని చూడుడు. మార్కెట్ యార్డుల ధరలకు అగ్‌మార్క్‌నెట్ 2000 నుండియు ఉన్నది. పంటల అంచనాలకు కేంద్ర వ్యవసాయ శాఖ 2023 సెప్టెంబరులో ప్రారంభించిన యూపాగ్ కలదు. అనేక సంవత్సరముల పట్టిక ఒకే చోట కావలసినప్పుడు చందా కట్టిన గ్రంథాలయమునకు వెళ్లి అచ్చటనే చూచుకొనుట మేలు. గ్రంథాలయము వారి లాగిన్ పేరు, పాస్‌వర్డ్ ఇప్పించెదమని డబ్బు అడుగు వారిని నమ్మకుడు. అవి చందాదారు వాడుకకే ఉద్దేశింపబడినవి.

ఇక పట్టిక తెరచిన పిమ్మట చాలమంది దృష్టి నేరుగా అంకెలపై పడును. మీరు ముందు శీర్షికను, తరువాత పట్టిక అడుగున ఉన్న చిన్న అక్షరములను చదువుడు. ఏ శాఖ ప్రకటించినది, ఏ కాలమునకు చెందినది, తుది లెక్కయా, ముందస్తు అంచనాయా అను విషయములు అచ్చటనే ఉండును.

మన ప్రాంతపు రైతునకు మిక్కిలి ప్రమాదకరమైన చిక్కు జిల్లా పేరులో ఉన్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు జగ్గయ్యపేట, నందిగామ, తిరువూరు, మైలవరము ప్రాంతములు విజయవాడ కేంద్రముగా ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. నూజివీడు, కైకలూరు ప్రాంతములు ఏలూరు జిల్లాకు పోయినవి. మచిలీపట్నము, గుడివాడ, అవనిగడ్డ వంటి డెల్టా ప్రాంతములు కృష్ణా జిల్లాలో నిలిచినవి. ఇప్పుడు కృష్ణా జిల్లా ప్రత్తి విస్తీర్ణము అను వరుసను 2015 నుండి చదివినచో 2022 దగ్గర అంకె ఒక్కసారిగా క్రుంగిపోవును. రైతులు ప్రత్తి మానివేసిరి కాబోలు, ఈసారి సరకు తక్కువ, ధర పెరుగునని ఎవరైన తలచినచో అది పెద్ద పొరపాటు. ప్రత్తి చేలు ఉన్నచోటనే ఉన్నవి, జిల్లా గీత మాత్రము జరిగినది!

ఈ రెండు కొత్త జిల్లాలను కలిపినను పాత కృష్ణా జిల్లా పూర్తిగా రాదు, ఏలూరులో చేరిన మండలములు మిగిలిపోవును. అందువలన మండలముల వారీ లెక్క చూచుట ఉత్తమము. జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయము వెలువరించు గణాంకముల చేతిపుస్తకములో అది దొరకును. పాత జిల్లా సగటుతో మరొక చిక్కు కూడ కలదు. దివిసీమ వరి పొలమును, మునేటి ప్రక్క నల్లరేగడి చేనును కలిపి తీసిన సగటు ఆ రెంటిలో దేనికిని సరిపోదు. రాష్ట్రపు లెక్కలోను ఇదే జాగ్రత్త అవసరము. 2014 జూన్ 2కు ముందటి ఆంధ్రప్రదేశ్ అంకెలో తెలంగాణ కలిసి యుండవచ్చును.

రెండవ చిక్కు కొలతలది. మనము ప్రత్తిని గింజతో సహా తూచి ఎకరమునకు ఇన్ని క్వింటాళ్లని చెప్పుదుము. ప్రభుత్వ లెక్క దూదిది. ఉత్పత్తి 170 కిలోల బేళ్లలోను, దిగుబడి హెక్టారుకు కిలోలలోను ఉండును. పట్టికలో హెక్టారుకు 450 కిలోలు అని ఉన్నదనుకొనుడు. దానిని 2.47తో భాగించి ఎకరమునకు రెండు క్వింటాళ్లయినను లేదని నిరుత్సాహపడకూడదు. ప్రత్తిలో దూది సుమారు మూడవ వంతు. కనుక 450 కిలోల దూది 1,350 కిలోల ప్రత్తి నుండి వచ్చును. ఎకరమునకు లెక్కించిన సుమారు ఐదున్నర క్వింటాళ్లు. వరి సంగతియు ఇట్టిదే. లెక్క సాధారణముగా బియ్యములో ఉండును. హెక్టారుకు 3,000 కిలోల బియ్యమనగా సుమారు 4,500 కిలోల ధాన్యము, అనగా ఎకరమునకు 75 కిలోల బస్తాలు ఇరువదినాలుగు.

ధరల పట్టికలో కనిష్ఠము, గరిష్ఠము, మోడల్ ధర అని మూడు వరుసలుండును. మోడల్ ధర అనగా ఆనాడు ఎక్కువ సరకు అమ్ముడైన ధర. ఊహ కొరకు 100 బస్తాలు తీసికొందము. 60 బస్తాలు 11,000కు, 30 బస్తాలు 12,000కు, 10 బస్తాలు మాత్రము 16,000కు పోయినవి. ఊరిలో ప్రచారమగునది 16,000. మీ పెట్టుబడి లెక్కకు పనికివచ్చునది 11,000. ఎండు మిరప, పచ్చిమిరప వేర్వేరు పేర్లతో ఉండునని మరువకుడు. తేజ రకపు ధర తాలు కాయకు రాదు, శీతల గిడ్డంగి సరకు ధర కల్లము నుండి వచ్చిన కాయకు సరిపోదు. ధరతో పాటు యార్డుకు వచ్చిన సరకు ఎన్ని టన్నులో కూడ చూడవలెను. అయిదారు బస్తాలే వచ్చిన రోజు ధరకు విలువ తక్కువ.

ఒక్క నెల ధర గాక, కనీసము ఐదేండ్ల ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మోడల్ ధరలను నోటు పుస్తకములో వ్రాసికొనుడు. వాటిలో మిక్కిలి తక్కువ ధరకు అమ్మినను కౌలు, కూలి, మందుల ఖర్చు పోను ఏమి మిగులునో లెక్కవేసి, ఆ పిమ్మటనే మిరప ఎన్ని ఎకరములో తేల్చుకొనుడు. మీరే వెదకలేనిచో గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రములో అడుగవచ్చును. పంట పేరు, పాత జిల్లాయా కొత్త జిల్లాయా, ఏ ఏ సంవత్సరములు, ఏ కొలత అను వివరములు చీటీపై వ్రాసి తీసికొని వెళ్లుడు. వానకాలపు రద్దీకి ముందే, అనగా మే నెలలోనే వెళ్లినచో వారికి వెదకుటకు తీరిక ఉండును.