ఒంటి వరుస స్తంభాల మీద రైలు స్టేషను

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల బస్సులు సికింద్రాబాదులో జూబ్లీ బస్ స్టేషను చేరతాయి. పక్కనే మెట్రో స్టేషను. అక్కడి నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషనుకు రైళ్లు 2020 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. హైదరాబాదు మెట్రో స్టేషన్లన్నీ రోడ్డుకు పైనే ఉన్నాయి. వాటిలో చాలావాటిని మోసేది రోడ్డు నడుమనున్న ఒకే వరుస స్తంభాలు. పట్టాలు మధ్యన, ప్లాట్‌ఫారాలు అటూ ఇటూ రెక్కల్లా ఉంటాయి. మరి ఒరిగిపోవేం?

కావడిని చూశారుగా! రెండు బిందెలూ సమానమైతే చిక్కు లేదు. ఒకటి ఖాళీ అయితేనే తంటా. స్టేషనులోనూ పొద్దున ఒక ప్లాట్‌ఫారం కిక్కిరిసి, ఎదుటిది ఖాళీగా ఉండవచ్చు. 300 మంది, మనిషికి 60 కిలోలు అనుకుందాం. మొత్తం 18 టన్నులు. స్తంభం నడిమి నుంచి వారి దూరం 8 మీటర్లనుకుంటే, ఒరగదోసే భ్రామకం 18 × 8 = 144 టన్ను-మీటర్లు. దూరం సగమైతే భ్రామకమూ సగమే.

కావడివాడు భుజం జరుపుకుంటాడు, స్తంభం జరగలేదు. బరువు పడిన వైపు అది నొక్కుకుంటుంది, ఎదుటి వైపు సాగుతుంది. కాంక్రీటు నొక్కుడుకు గట్టిది, సాగదీస్తే పగులుతుంది. ఆ సాగుడును లోపలి ఉక్కు చువ్వలు భరిస్తాయి. జనం ఏ వైపైనా చేరవచ్చు కనుక చువ్వలు స్తంభం చుట్టూ ఉంటాయి.

రెక్కలో సాగేది పైభాగం. అందుచేత ముఖ్యమైన చువ్వలు పైన ఉండాలి. మన కిటికీ మీది సజ్జా ఇలాంటి రెక్కే. కాంక్రీటు పోసేటప్పుడు కాళ్ల కింద నలిగి చువ్వలు అడుగుకు దిగితే, సెంట్రింగ్ విప్పిన నాడే సజ్జ విరిగిపడవచ్చు. మీ వీధిలో ఇల్లు కడుతుంటే సజ్జ చువ్వలు ఎక్కడ కట్టారో మేస్త్రీని అడిగి చూడండి.