సిస్టమ్ ఆన్ అయింది, బొమ్మ పడలేదు!

పార్ట్స్ కొని సొంతంగా సిస్టమ్ బిగించుకున్న చాలామందికి ఎదురయ్యే సీన్ ఇది. బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి. మానిటర్ మీద మాత్రం "నో సిగ్నల్". చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే అనే మాట "బోర్డు పోయింది". ఇంట్లో నాన్న చీటీ పాడి ఇచ్చిన డబ్బుతో కొన్నప్పుడు ఆ మాట వింటే గుండె జారిపోతుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏదో పోయిందని తేల్చే ముందు, సిస్టమ్ ఎక్కడిదాకా వచ్చి ఆగిందో కనుక్కోండి.

బటన్ నొక్కగానే విండోస్ రాదు. ముందు బోర్డు మీది చిప్‌లో ఉండే బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్ లేచి ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు అన్నీ ఉన్నాయా అని హాజరు తీసుకుంటుంది. దీన్నే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్, పొట్టిగా పోస్ట్ అంటారు. ఎవరైనా పలకకపోతే సిస్టమ్ అక్కడే ఆగిపోవచ్చు. ఫ్యాన్‌కి ఈ హాజరుతో పనిలేదు, కరెంటు వస్తే చాలు తిరుగుతుంది. చాలా కొత్త బోర్డుల అంచున సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు బుల్లి లైట్లు ఉంటాయి. ఏ లైటు ఆరకుండా ఉండిపోయిందో ముందు అక్కడ వెతకాలి. లైట్లు లేకపోతే చిన్న బీప్ స్పీకర్ తగిలించి, ఎన్ని బీప్‌లు వచ్చాయో బోర్డు మాన్యువల్‌తో పోల్చి చూడండి.

ఇక వరసగా వెళ్దాం. కోడ్ డీబగ్ చేసినట్టే, ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదట బయటి సంగతి. మానిటర్‌లో సరైన ఇన్‌పుట్ ఎంచుకున్నారా? గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ కార్డుకే పెట్టాలి, బోర్డుకి కాదు. ఐ5 12400ఎఫ్ లాంటి ఎఫ్ ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ ఉండదు. రైజెన్ 5 5600లోనూ లేదు, 5600జీలో ఉంది. లేనివాటితో బోర్డు పోర్టులోంచి బొమ్మ రానే రాదు.

లోపల చెయ్యి పెట్టే ముందు ప్లగ్ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకోండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్ తీసేసినా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జ్ మిగిలి ఉండొచ్చు.

తర్వాత పవర్. 24 పిన్నుల పెద్ద కనెక్టర్ ఒక్కటే చాలదు. ప్రాసెసర్ పక్కన, బోర్డు పైమూలలో 8 పిన్నుల కనెక్టర్ విడిగా ఉంటుంది. అది పెట్టకపోయినా ఫ్యాన్లు తిరగొచ్చు, బొమ్మ మాత్రం పడదు. కార్డు మీద పవర్ సాకెట్ ఉంటే దానికీ కేబుల్ ఇవ్వాలి. ప్రాసెసర్ 8 పిన్, కార్డు 8 పిన్ చూడటానికి ఒకేలా ఉన్నా వైరింగ్ వేరు. బలవంతంగా నొక్కొద్దు.

తర్వాత ర్యామ్. డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌ని పరీక్షించి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఆపేయకుండా వెళ్లి టీ తాగి రండి. అప్పటికీ రాకపోతే ఆఫ్ చేసి, ఒక్క స్టిక్ మాత్రమే ఉంచండి. నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది సరైనది. టిక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. కొత్త ర్యామ్‌కి చాలామంది పట్టు సరిపోదని భయపడి వదిలేస్తారు.

అప్పటికీ కాకపోతే బోర్డుని బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టండి. ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, కార్డు, అంతే. స్క్రూడ్రైవర్‌తో పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ ఒక్క క్షణం కలిపితే ఆన్ అవుతుంది. ఇక్కడ బొమ్మ పడి క్యాబినెట్‌లో పడకపోతే, బోర్డు కింద అక్కర్లేని చోట ఉన్న ఇత్తడి స్టాండాఫ్ తగిలి షార్ట్ అవుతుందేమో చూడాలి.

మా ఫ్లోర్‌లో ఒక ఫ్రెండ్‌కి ఇవన్నీ చేసినా సీపీయూ లైటు ఆరలేదు. ప్రాసెసర్ పోయిందని, ఇంకోటి కొనాలని షాపులో చెప్పారు. వాడిది బీ450 బోర్డు, రైజెన్ 5 5600. ఆ బోర్డులు 2018లో వచ్చాయి, ఆ ప్రాసెసర్ 2022లో. బాక్సు పాత స్టాకు కావడంతో అందులో బయోస్ కూడా పాతదే. ప్రాసెసర్ పోలేదు, ఆ బోర్డుకి అదెవరో తెలియదంతే! ఒక సీనియర్ తన రైజెన్ 5 2600 అరువిచ్చాడు. దాన్ని పెట్టగానే బొమ్మ పడింది. పెన్‌డ్రైవ్‌తో బయోస్ అప్‌డేట్ చేసి, మళ్లీ 5600 బిగించాం. మధ్యలో కరెంటు పోకూడదని ముగ్గురం మొక్కుకున్నాం. ఖర్చు సున్నా.

ఎంత చేసినా రాకపోతే పార్ట్ నిజంగానే పోయి ఉండొచ్చు. అప్పుడు షాపుకి ఖాళీగా వెళ్లకండి. ఏ లైటు ఆగింది, ఏది మార్చి చూశారు, ఏమైంది అని ఒక కాగితం మీద రాసుకోండి. బిల్లు, బాక్సులు దగ్గరుంచుకోండి. సాకెట్ మీద వచ్చిన ప్లాస్టిక్ మూత పారేయొద్దు. బోర్డు వాపసు పంపాల్సి వస్తే లోపలి పిన్నులు వంగకుండా కాపాడేది అదే.