ట్రస్టీగా ఒప్పుకునే ముందు

షెఫీల్డ్

చిట్టితల్లీ,

మీ ఊళ్ళో శరణార్థులకి సాయంచేసే సంస్థవాళ్ళు నిన్ను ట్రస్టీగా రమ్మన్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషించాను. తప్పకుండా ఒప్పుకో. కాకపోతే దేనికి ఒప్పుకుంటున్నావో తెలుసుకుని మరీ ఒప్పుకో.

శనివారాలు వెళ్ళి ఇంగ్లీషు నేర్పడం, టీ కాచివ్వడం నీకు అలవాటే. ట్రస్టీ పని వేరు. జీతం ఉండదు, కానీ సంస్థ మంచిచెడ్డలకి చట్టం ముందు జవాబు చెప్పాల్సింది ట్రస్టీలే. లెక్కలు, అద్దె, ఇన్సూరెన్సు, పిల్లలతో మెలిగేవాళ్ళకి నేరచరిత్ర ఉందేమో చూసే డీబీఎస్ చెక్, చారిటీ కమిషన్‌కి ఏటా పంపే వివరాలు. సాయంత్రాలన్నీ వీటికే పోతాయి. విసుగ్గా కనిపించే ఈ పని ఎవరికి అక్కరకొస్తుందో చెబుతాను, విను.

ఎరిత్రియా కుర్రాడొకడు ఆశ్రయం మంజూరైన ఉత్తరం పట్టుకుని, ఇక్కడ నేను ట్రస్టీగా ఉన్న సెంటర్‌కి వచ్చాడు. అందరం చప్పట్లు కొట్టాం. అతను మాత్రం ఉత్తరంలో ఒక తేదీ మీద వేలు పెట్టి, "దీని తర్వాత నేనెక్కడ పడుకోవాలి?" అన్నాడు. శరణార్థి హోదా వచ్చాక సర్కారు ఇచ్చిన గది, వారానికి యాభై పౌండ్లలోపు భత్యం రెండూ ఆగిపోతాయి. ఖాళీ చేయడానికి గడువు అప్పట్లో 28 రోజులు. 2024 డిసెంబరులో దాన్ని 56కి పెంచి చూశారు, మరుసటేడు ఒంటరివాళ్ళకి మళ్ళీ 28 చేశారు. కేసు తేలేదాకా చాలామందిని పని చేసుకోనివ్వరు గనక చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ఇంటివాళ్ళేమో అడ్వాన్సు లేనిదే తాళం ఇవ్వరు.

అతనికి ఆ అడ్వాన్సు మేం ఇవ్వగలిగాం. ఎవరికి ఎంతదాకా ఇవ్వొచ్చో, సంతకం ఎవరు పెట్టాలో ముందే రాసిపెట్టుకున్నాం, ఆ పద్దులో డబ్బూ మిగిల్చాం. ఆ కాగితమే లేకపోతే వాలంటీరు జేబులోంచి తీసిస్తుంది. ఒకరికివ్వగలదు, పక్కనున్నవాడికి ఇవ్వలేదు. ఇచ్చినామె కొన్నాళ్ళకి అలిసిపోయి రావడం మానేస్తుంది, పుచ్చుకున్నవాడు ఆమె ఎదుట తలెత్తలేడు. మన జాలిని అందరికీ సమానంగా అందే నియమంగా రాసిపెట్టడం ట్రస్టీల వంతు, తల్లీ.

ఇంకొకటి. నువ్వూ వీసాల తిప్పలు పడ్డదానివే, ఎవరైనా హోం ఆఫీసు ఉత్తరం చేతికిస్తే నీకు నోరు ఊరుకోదు. 1999 నాటి బ్రిటన్ చట్టం ప్రకారం అర్హత, అనుమతి లేని సంస్థ ఇమిగ్రేషన్ సలహా చెప్పడం నేరం, లాభాపేక్ష లేకపోయినా సరే. ఆ రూలు మంచిదేనంటాను. మనం ఒక్క ముక్క తప్పు చెబితే పోయేది అవతలివాడి కేసు. సలహా చెప్పే బదులు లాయరు దగ్గరికి తోడు పంపించండి, బస్సు చార్జీలివ్వండి.

2024 ఆగస్టు 4న మా పక్కనే రోథర్‌హామ్‌లో, శరణార్థుల్ని ఉంచిన హోటల్ గుమ్మం దగ్గర, వాళ్ళు లోపలుండగానే అల్లరిమూకలు నిప్పు పెట్టాయి. మర్నాడు సెంటర్ తెరవాలా, మూయాలా? అది తేల్చాల్సింది ట్రస్టీలే. తెరిచి తీరాలని కొందరం పట్టుబట్టాం. మా బోర్డులో సూడాన్ నుంచి శరణార్థిగా వచ్చినామె ఒకరున్నారు. "మీరు కార్లలో వస్తారు, మావాళ్ళు బస్టాపులో నిలబడాలి" అన్నారావిడ. ఇంకేం మాట్లాడతాం! ఆ వారం సెంటర్ మూసి, అందరికీ రోజూ ఫోన్లు చేశాం, అవసరమైనవాళ్ళ గదులకే సరుకులు చేర్చాం.

మీ బోర్డులో అలా శరణార్థులుగా వచ్చినవాళ్ళు ఎవరున్నారో మొదటి మీటింగులోనే అడుగు. లేకపోతే పిలిపించు. పేరుకి కూర్చోబెట్టడం నాకు గిట్టదు. కాగితాలు వారం ముందే అందాలి, రానూపోనూ ఖర్చులివ్వాలి, పిల్లలున్నవాళ్ళకి వీలయ్యే వేళ చూడాలి.

ముందైతే గడిచిన మూడేళ్ళ లెక్కలు అడిగి తీసుకో. నిధులు ఉన్నట్టుండి ఆగిపోతే ఎన్ని నెలలు నెట్టుకురాగలరో చూడు. అర్థం కాకపోతే నాకు పంపు, ఆదివారం ఫోన్లో ఇద్దరం చూద్దాం. పిల్లాడికి ముద్దులు.

నీ
పెదనాన్న