నర్సుల సదస్సులు: ఎందుకు, ఎలా ఉపయోగించుకోవాలి?

2005కి ముందు నర్సింగ్ పూర్తి చేసినవారు సీపీఆర్ గురించి నేర్చుకున్నది ఇది: ఛాతీపై 15 సార్లు నొక్కాలి, తర్వాత రెండుసార్లు ఊపిరి ఇవ్వాలి. ఆ ఏడాది మార్గదర్శకాలు దాన్ని పెద్దవారికి 30కి రెండుగా మార్చాయి. 2010లో ఏకంగా క్రమమే మారింది. అంతకుముందు శ్వాసమార్గం సరిచేయడం, ఊపిరి ఇవ్వడం, ఆపైన ఛాతీ నొక్కడం. ఇప్పుడు నొక్కడమే మొదటిది. 2015లో వేగానికి పై హద్దు కూడా పెట్టారు: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారిలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు.

ఇంత మార్పు ఎందుకు? గుండె హఠాత్తుగా ఆగినప్పుడు రక్తంలో ఇంకా కొంత ఆక్సిజన్ ఉంటుంది. లేనిది దాన్ని మెదడుకు, గుండె కండరానికి తోసే ఒత్తిడి. నొక్కడం ఆపిన ప్రతిసారీ ఆ ఒత్తిడి పడిపోతుంది, మళ్లీ పెరగడానికి కొన్ని నొక్కుళ్లు పడతాయి. అందుకే మధ్యలో విరామాలు తగ్గించారు.

ప్రసూతి గదిలోనూ ఇదే కథ. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు కత్తిరించడం చాలాకాలం అలవాటుగా ఉండేది. ఊపిరి అందించాల్సిన అవసరం లేని బిడ్డకు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగాకే క్లిప్ వేయాలని 2012 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చెబుతోంది. ఆ కాస్త సమయంలో మాయలోని రక్తం బిడ్డకు చేరి, తొలి నెలలకు కావలసిన ఇనుము నిల్వ అవుతుంది. మన దేశంలో పసిపిల్లల్లో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిన నర్సుకు ఆ నిమిషం విలువ వేరే చెప్పక్కర్లేదు.

జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఉద్యోగం మాత్రం ముప్పై ఏళ్లకు పైమాటే. మధ్యలో వచ్చే ఇలాంటి మార్పులు వార్డుకు ఎవరు మోసుకురావాలి? నిరంతర నర్సింగ్ విద్య అనే ఏర్పాటు ఇందుకే ఉంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఐదేళ్లలో 150 గంటల విద్య ఉండాలని భారత నర్సింగ్ మండలి నిర్దేశించింది. రిజిస్ట్రేషన్ చూసేవి రాష్ట్ర కౌన్సిళ్లు కనుక, ఒక సదస్సుకు ఎన్ని గంటల క్రెడిట్ వస్తుందో, అసలు గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టేముందే మీ కౌన్సిల్‌లో కనుక్కోండి. సమావేశమై నేర్చుకోవడం మన నర్సులకు కొత్తేమీ కాదు. భారత శిక్షిత నర్సుల సంఘం (టీఎన్ఏఐ) 1908 నాటిది, దాని విద్యార్థి విభాగం 1929లో మొదలైంది.

మరి సదస్సులకు వెళ్తే నిజంగా పని తీరు మారుతుందా? ఆరోగ్య సిబ్బందికి జరిగిన విద్యా సమావేశాలపై 81 ప్రయోగాలను కలిపి 2009లో ఒక కోక్రేన్ సమీక్ష పరిశీలించింది. సరైన పద్ధతి పాటించడంలో మెరుగుదల మధ్యస్థంగా 6 శాతం. అంటే వంద సందర్భాల్లో మరో ఆరింటిలో పని సరిగ్గా జరిగిందన్నమాట. చిన్న అంకెే, కానీ సున్నా కాదు. ఉపన్యాసం, సాధన రెండూ కలిసిన చోట ఫలితం ఎక్కువగా కనిపించింది. సంక్లిష్టమైన అలవాట్లను మార్చడంలో సమావేశాల ప్రభావం తక్కువ.

దీన్నిబట్టి ఏ సెషన్ ఎంచుకోవాలో తేలిపోతుంది. ప్రారంభోత్సవం, జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు ఎలాగూ ఉంటాయి. వాటికే సగం పూట పోయే సదస్సులూ ఉన్నాయి. బ్రోచర్‌లో చూడవలసింది వర్క్‌షాప్‌ల పేజీ. ఒక్కో శిక్షణ బొమ్మకు ఎంతమంది? నొక్కే లోతు సరిపోయిందో లేదో చెప్పే పరికరం ఉందా? నలభై మంది చుట్టూ నిలబడి చూసేది శిక్షణ కాదు, ప్రదర్శన. పైగా సీపీఆర్ నైపుణ్యం కొన్ని నెలల్లోనే సన్నగిల్లుతుంది కాబట్టి సంవత్సరానికి ఒక సదస్సు చాలదు. వార్డులోనే అప్పుడప్పుడు పది నిమిషాల సాధన జరగాలి.

విద్యార్థులకు నా సలహా వేరు: పోస్టర్ల గదిలో ఎక్కువసేపు గడపండి. అక్కడ పోస్టర్ వేసినవారే పక్కన నిలబడి ఉంటారు, నిలదీసి అడగవచ్చు. ఉదాహరణకు, కాన్యులా పెట్టిన చోట వాపు 40 శాతం నుంచి 25 శాతానికి తగ్గిందని ఒక పోస్టర్ చెబుతోందనుకుందాం. మొదట అడగవలసింది ‘ఎంతమందిలో?’ అని. ఇరవై మందిలో ఎనిమిది నుంచి ఐదుకు తగ్గితే, తేడా ముగ్గురే. అది యాదృచ్ఛికం కూడా కావచ్చు. రెండు వందల మందిలో ఎనభై నుంచి యాభైకి తగ్గితే మాట వేరు. తర్వాతి ప్రశ్న: వాపును ఎవరు కొలిచారు, రెండుసార్లూ ఒకే స్కేలుతోనేనా? ఈ రెండు ప్రశ్నలు అడగడం వచ్చిన విద్యార్థి తన ప్రాజెక్టును కూడా అంతే జాగ్రత్తగా రాస్తుంది.

ఒక ఇబ్బంది మాత్రం నర్సుల చేతుల్లో లేదు. నైట్ డ్యూటీ దిగి నేరుగా హాలుకు వచ్చినవారు వెనుక వరుసలో కునుకు తీస్తే తప్పు వారిది కాదు. హాజరుకు డ్యూటీ లీవు ఇవ్వని చోట, ఫీజు జీతంలోంచే కట్టాల్సిన చోట 150 గంటలు మరో భారమే అవుతాయి. వార్డుకొకరిని వంతులవారీగా పంపి, వచ్చినవారితో వారంలోగా మిగతావారికి చేసి చూపించమనడం ఖర్చు తక్కువ పద్ధతి. హెడ్ నర్స్ డ్యూటీ రోస్టర్ వేసేటప్పుడే ఆ అరగంటను షిఫ్టు మారే వేళ పక్కన చేరిస్తే ఇద్దరు షిఫ్టుల వారూ ఉంటారు. ప్రసూతి వార్డులో అయితే బొడ్డుతాడుకు క్లిప్ వేసిన సమయాన్ని కేస్ షీటులో రాయడం ఆ రోజు నుంచే మొదలుపెట్టవచ్చు. నెల తర్వాత ఆ షీట్లు తిరగేస్తే ఎన్ని కాన్పుల్లో నిమిషం ఆగారో లెక్క దొరుకుతుంది. తర్వాతి సదస్సుకు పోస్టర్ కూడా అదే.