మేకపోతు వాసన – తెలుసుకోవలసిన సంగతులు



సంక్రాంతి సెలవుల తర్వాత తెలుగు క్లాసులో జాతీయాలు చెప్తూ మేడమ్ గారు "మేకపోతు గాంభీర్యం" అని బోర్డు మీద రాశారు. లోపల భయం ఉన్నా పైకి ధైర్యంగా కనపడటం అని అర్థం చెప్పారు. అప్పుడు వెనక నుంచి ఎవరో "గాంభీర్యం కాదు మేడమ్, కంపు" అన్నారు. క్లాసంతా నవ్వి నా వైపు చూశారు. ఎందుకంటే నేను సెలవుల నుంచి వచ్చి పెట్టె తెరిచిన రోజు గదంతా పోతు వాసన వచ్చింది. నా పక్కన పడుకునే అమ్మాయి చాప తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది. క్లాసులో నేను కూడా అందరితో కలిసి నవ్వాను. నాది మాత్రం మేకపోతు గాంభీర్యమే.

ఎవరినీ తప్పు పట్టడానికి ఈ పాఠం రాయడం లేదు. తప్పు నేనే చేశాను. అది ముందు చెప్తాను.

నేను చేసిన తప్పు

మాది రొంపిచెర్ల మండలంలో ఒక తండా. మా ఇంట్లో నాన్నని బా అంటాం, అమ్మని యాడి అంటాం. ఇద్దరికీ చదువు రాదు. బా వేలిముద్ర వేస్తాడు. సాగర్ కుడి కాలువ నీళ్ళు అందే చోట వరి, మిరప, పత్తి వేస్తారు గానీ మాకు అట్లాంటి పొలం లేదు. పద్దెనిమిది మేకలు, ఒక పోతు ఉన్నాయి. నా పుస్తకాలు, చెప్పులు, పెట్టె అన్నీ మేకపిల్లల్ని అమ్మిన డబ్బులతోనే కొన్నారు.

ఒక ఆదివారం బా నన్ను చూడటానికి వచ్చాడు. మేకల దగ్గర నుంచి అటే వచ్చాడు. గేటు కాడ మన పిల్లలు నిలబడి ఉన్నారు. నేను "దూరంగా ఉండు బా, వాసనొస్తున్నావు" అన్నాను. మా తండా భాషలో కాదు, తెలుగులో అన్నాను, వాళ్ళకి వినపడాలని. బా ఏమీ అనలేదు. జొన్నరొట్టెల సంచి గేటుకి తగిలించి వెనక్కి జరిగి నిలబడ్డాడు.

తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. మూడో ఆదివారం తలకి పోసుకుని, పెళ్ళిళ్ళకి వేసుకునే చొక్కా వేసుకుని వచ్చాడు. అయినా కొంచెం వాసన ఉంది. "పోతుని అమ్మేస్తాలే, నీకు నామోషీ ఉండదు" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఆ రోజు సాయంత్రమే సైన్సు మేడమ్ గారి దగ్గరికి పోయి, ఆ వాసన ఎందుకు పోదు అని అడిగాను. తర్వాత పశువుల డాక్టరు గారిని కూడా అడిగి రాసుకున్నాను.

వాసన ఎక్కడ పుడుతుంది?

పోతు తల మీద, ముఖ్యంగా కొమ్ముల మొదట్లో వెనక వైపు, చర్మంలో గ్రంథులు ఉంటాయి. వాటి నుంచి నూనె లాంటి జిడ్డు వస్తుంది. వాసన ఆ జిడ్డుదే. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను వల్ల ఈ గ్రంథులు పని చేస్తాయి. అందుకే వయసుకొచ్చిన పోతుకే వాసన ఉంటుంది. చిన్న పిల్లలకి ఉండదు. విత్తులు నొక్కించిన పోతుకి కూడా క్రమేణా తగ్గిపోతుంది.

రెండో కారణం చెప్తే మీరు నవ్వుతారు. ఎద కాలంలో పోతు తన గడ్డం మీద, ముఖం మీద, ముందు కాళ్ళ మీద తానే ఉచ్చ పోసుకుంటుంది. మనకి అసహ్యం గానీ దానికది సెంటు పూసుకోవడం లాంటిది.

జపాను శాస్త్రవేత్తలు పోతుల తలకి టోపీ లాంటిది తొడిగి, తల నుంచి వచ్చే ఆవిరిని పట్టి పరీక్ష చేశారు. అందులో 4-ఇథైల్ ఆక్టనల్ అనే పదార్థం దొరికిందని 2014లో ప్రకటించారు. విచిత్రం ఏమిటంటే దాని వాసన నారింజ, నిమ్మ జాతి పండ్ల వాసనలా ఉంటుందంట. అది గాలి తగిలి ఆక్సీకరణం చెందితే 4-ఇథైల్ ఆక్టనోయిక్ ఆమ్లం అవుతుంది. మనం ముక్కు మూసుకునేది దీనికే.

ఇంకో సంగతి. కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అని మూడు ఆమ్లాలు ఉన్నాయి. లాటిన్ భాషలో కాప్రా అంటే మేక. మేకపాలలో ఉంటాయి కాబట్టి వాటికి ఆ పేర్లు పెట్టారు. వీటిలో కాప్రిలిక్, కాప్రిక్ ఆమ్లాలు మనం రోజూ తలకి రాసుకునే కొబ్బరినూనెలో కూడా ఉన్నాయి! అక్కడ వేరే అణువుతో కలిసి ఉంటాయి కాబట్టి మనకి వాసన రాదు. ఈ సంగతి విని మా గది వాళ్ళు జడలు వాసన చూసుకున్నారు.

వాసన వల్ల ఉపయోగం ఏమిటి?

వాసన పోతు చెప్పే మాట. కొన్నాళ్ళు పోతుని దూరంగా ఉంచి, తర్వాత మేకల దగ్గరికి తెస్తే ఆ వాసనకి వాటి మెదడులో మార్పు వచ్చి చాలా మేకలు కొద్ది రోజుల తేడాలో ఎదకు వస్తాయి. చూడి కట్టిన మేక సుమారు 150 రోజులకి ఈనుతుంది. అన్నీ ఒకేసారి ఈనితే పిల్లల్ని సాకడం తేలిక. సైన్సు పుస్తకం చదవకపోయినా బాకి ఇది తెలుసు. పోతుని వేరే గుంజకి కట్టేది అందుకే అన్నాడు.

పోతు మేకని వాసన చూసి పై పెదవి ఎత్తి మెడ చాపుతుంది. నవ్వుతున్నట్టు ఉంటుంది గానీ నవ్వు కాదు. నోటి పైభాగంలో వాసన పట్టే ఇంకో అవయవం ఉంటుంది. గాలిని దానికి అందిస్తుంది.

నీళ్ళతో ఎందుకు పోదు?

జిడ్డు నీళ్ళలో కరగదు. సబ్బు అణువుకి ఒక చివర జిడ్డుని పట్టుకుంటుంది, ఇంకో చివర నీళ్ళని పట్టుకుంటుంది. అందుకని సబ్బు, గోరువెచ్చని నీళ్ళు కావాలి. బా ఒళ్ళు కడుక్కున్నాడు గానీ తలపాగా, దుప్పటి మారలేదు. వాసన వాటిలో ఉంది. పైగా రోజూ ఆ వాసనలోనే ఉంటే ముక్కు అలవాటు పడి కనిపెట్టదు. మనకి మన హాస్టల్ ఫినాయిల్ వాసన తెలియడం లేదు కదా, అట్లాగే. బాకి నిజంగానే తెలియలేదు. నేను సిగ్గు లేక వచ్చాడు అనుకున్నాను.

పోతుతో బతకడం ఎట్లా?

1. పోతుని ఇంటికి గాలి వచ్చే వైపు కాకుండా గాలి పోయే వైపు కట్టాలి.
2. పాలు పితికేటప్పుడు పోతు దూరంగా ఉండాలి. పోతుని పట్టుకున్న చేతులతో పితకరాదు. పాలకి వాసన పడుతుంది.
3. పోతు పనికి ఒక చొక్కా, ఒక తువ్వాలు వేరుగా ఉంచాలి. వాటిని ఇంట్లో బట్టలతో కలపరాదు. సబ్బుతో ఉతికి ఎండలో వేయాలి.
4. దొడ్డి పొడిగా ఉంచాలి. తడి చోట బూడిద, సున్నం చల్లాలి.
5. మాంసానికి పెంచే పోతులకి చిన్నప్పుడే పశువుల ఆసుపత్రిలో విత్తులు నొక్కించాలి. విత్తనానికి మంచి పోతుని ఒక్కదాన్ని ఉంచుకుంటే చాలు.
6. హాస్టల్‌కి వచ్చే ముందు రోజు బట్టలు ఉతికి, పెట్టెని కూడా లోపల సబ్బు నీళ్ళతో తుడిచి ఎండబెట్టాలి. ఇది నా కోసం రాసుకున్నాను.

తర్వాత ఏం జరిగింది?

ఇవన్నీ బాకి మా భాషలో చెప్పాను. పోతుని అమ్మితే మేకల్ని వేరే ఊరి పోతు దగ్గరికి తోలుకుపోవాలి, ఎద తప్పితే పిల్లలు ఉండవు, అమ్మొద్దు అన్నాను. బా నవ్వి "నాకే పాఠం చెప్తున్నావా" అన్నాడు. పోతుని అమ్మలేదు. పోయిన ఆదివారం వేరే చొక్కాతో వచ్చాడు. వాసన పూర్తిగా పోలేదు. నేను గేటు బయటికి పోయి పక్కన కూర్చుని రొట్టె తిన్నాను. చాప తీసుకుపోయిన అమ్మాయి కూడా వచ్చి ఒక రొట్టె తిన్నది.

కాబట్టి మిత్రులారా, వాసన అంతా మురికి కాదు. కొన్ని వాసనలు పనివి. మురికిని కడుక్కోవాలి. పనిని చూసి సిగ్గుపడకూడదు.

ప్రశ్నలు

1. చిన్న మేకపిల్లకి పోతు వాసన ఎందుకు రాదు?
2. జిడ్డుని పోగొట్టడానికి సబ్బు ఎట్లా పని చేస్తుంది?
3. పాలు పితికేటప్పుడు పోతుని ఎందుకు దూరంగా ఉంచాలి?
4. మీ అమ్మానాన్నల పనికి ఏ వాసన ఉంది? మిరపదా, చేపలదా, పొగదా? ఒక చిన్న కాగితం మీద రాసి ఈ పత్రిక కింద అంటించండి.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని