బారెన్ ద్వీపం – మన దేశంలోని క్రియాశీల అగ్నిపర్వతం

"భారతదేశంలో క్రియాశీల అగ్నిపర్వతం ఏది?" పోటీ పరీక్షలకు చదివే మనందరికీ ఈ బిట్ కంఠస్థమే. జవాబు బారెన్ ద్వీపం. అది అక్కడే ఎందుకుంది, మన దక్కన్ పీఠభూమిలో ఎందుకు లేదు అని అడిగితే మాత్రం చాలామందిమి తడబడతాం. ఆ కారణం తెలుసుకుందాం.

ఉనికి: ఇది అండమాన్ సముద్రంలో, శ్రీవిజయపురానికి (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) ఈశాన్యంగా సుమారు 140 కి.మీ. దూరంలో ఉంది. వెడల్పు దాదాపు 3 కి.మీ. జననివాసం లేదు. సముద్రంపైన సుమారు 350 మీటర్లే కనిపిస్తుంది. నీటి అడుగున రెండు వేల మీటర్లకు పైగా పర్వతం దాగి ఉంది. పైభాగాన దాదాపు 2 కి.మీ. వెడల్పున్న పెద్ద గుంట, అంటే కాల్డెరా ఉంది. దాని గోడ పడమటి వైపు తెగి ఉంది. గుంట మధ్యనున్న శంకువు నుంచి వెలువడే లావా ఆ సందు గుండా సముద్రంలోకి పారుతుంది.

కారణం: భారత ఫలకం అండమాన్ దీవుల పడమటి వైపున బర్మా ఫలకం కిందికి దిగిపోతోంది. అలా దిగే శిలల్లో నీరు ఇమిడి ఉంటుంది. లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడికి, వేడికి ఆ నీరు విడుదలై పైనున్న ప్రావారంలో చేరుతుంది. తడి చేరిన శిల తక్కువ ఉష్ణోగ్రత వద్దే కరుగుతుంది. ఆ శిలాద్రవమే పైకి వచ్చి బారెన్ ద్వీపమైంది.

మన పశ్చిమ తెలంగాణలోని బసాల్టు శిలలు కూడా లావా గడ్డకట్టినవే. అయితే అవి సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటివి. అక్కడ ఇప్పుడు కిందికి దిగే ఫలకం లేదు, కాబట్టి కొత్త శిలాద్రవమూ లేదు.

విస్ఫోటనాలు: 1787లో మొదటిసారి దీని విస్ఫోటనం నమోదైంది. 19వ శతాబ్దం తర్వాత చాలాకాలం నిశ్శబ్దంగా ఉండి, 1991లో మళ్లీ మేల్కొంది. కొన్ని నెలలపాటు లావా, బూడిద వెదజల్లింది. తర్వాత 1994-95లోనూ, 2005లోనూ చెలరేగింది. 2017 జనవరిలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు ఓడ నుంచి దీన్ని గమనించారు. పగలు బూడిద మేఘాలు, రాత్రి ఎర్రని లావా కనిపించాయి. 2025 సెప్టెంబరులోనూ ఇది బద్దలైంది.

2004 డిసెంబరు 26 సునామీ మన కోస్తా జిల్లాల్లోనూ ప్రాణాలు తీసింది. ఆ భూకంపానికీ, ఈ అగ్నిపర్వతానికీ మూలం ఒకటే. అది ఫలకం కిందికి దిగడం.

నూరేళ్లకు పైగా ఉలుకూ పలుకూ లేని కొండ 1991లో నిప్పులు కక్కింది. కాబట్టి 'నిద్రాణ' అంటే 'విలుప్త' కాదని గుర్తుంచుకోవాలి. ఇకపై ప్రతి బిట్ పక్కన "ఎందుకు?" అని కూడా రాసుకుందాం. పరీక్ష అయ్యాక కూడా మనకు మిగిలేది ఆ ప్రశ్నకు దొరికిన జవాబే.