ఫ్లై రాడ్డు : తొలి అభ్యాసకుని ఎంపిక

చెరువుగట్టున గాలం వేసి కూర్చున్న బాలుని చూడనివారు మనలో అరుదు. వెదురు కర్ర, దారం, కొక్కెం, దానికి గుచ్చిన వానపాము - ఇంతే ఆ సామగ్రి. బెండు మునిగిందా, చేప పడినట్లే. ఈ విద్యలో కర్రను గూర్చి ఎవరూ అంతగా ఆలోచింపరు. పాశ్చాత్య దేశాలలో 'ఫ్లై ఫిషింగ్' అని వ్యవహరించే మత్స్యవినోదంలో మాత్రం సర్వం కర్ర మీదనే ఆధారపడి ఉంటుంది. మన విద్యార్థులు ఎందరో నేడు ఆ దేశాలలో స్థిరపడుతున్నారు. వారిలో కొందరు సెలవు దినాలలో ఈ విద్యకు ఆకర్షితులై, మొదటి అడుగులోనే పొరబడి ధనాన్నీ ఉత్సాహాన్నీ పోగొట్టుకొంటున్నారు. మా ఇంటనే అట్టి సంఘటన జరిగింది గనుక ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించాము.

ఫ్లై అనగా ఈగ. ఇది మన ఇంటి ఈగ కాదు. (తరగతిలో ఈ మాట చెప్పగానే విద్యార్థులు నవ్విన నవ్వు మాకింకా జ్ఞాపకమే.) చల్లని నదులలో పుట్టి, నీటిపై ఎగిరే పలుచని రెక్కల పురుగులను ట్రౌట్ చేపలు ఆహారంగా తీసుకొంటాయి. ఆ పురుగును పోలునట్లు కొక్కానికి ఈకలు, వెంట్రుకలు, దారం చుట్టి చేసిన కృత్రిమమైన ఎరయే ఫ్లై. క్రీ.శ. 200 ప్రాంతపు రోమన్ రచయిత ఏలియన్, మాసిడోనియా జాలరులు కొక్కానికి ఎర్రని ఉన్ని చుట్టి, రెండు కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారని వర్ణించాడు. కాబట్టి ఇది నిన్న మొన్నటి విద్య కాదు.

ఈ ఎరకు బరువు లేదు; చిక్కంతా అక్కడే ఉన్నది. మామూలు గాలానికి సీసపు గుండు కట్టి విసిరితే, గుండు దారాన్ని లాక్కొనిపోతుంది. ఈకను విసిరితే ఎంత దూరం పోతుంది? అందుచేత ఇక్కడ బరువును తాడుకే ఇచ్చారు. ప్లాస్టిక్ పూత గల ఆ లావుపాటి తాడును వెనుకకు విసరగా అది గాలిలో బారుగా చాచుకొంటుంది. కర్రను ముందుకు తెచ్చినప్పుడు తాడు బరువుకు కర్ర విల్లువలె వంగుతుంది. చేతిని చటుక్కున ఆపగానే కర్ర నిటారై, తనలోని శక్తిని తాడుకు అందిస్తుంది. తాడు కొసన సన్నని నైలాన్ దారం, దాని కొసన ఫ్లై, పూరేకు రాలినట్లు నీటిపై వాలుతుంది.

దీనివల్ల తేలే సూత్రం ఒకటే. ముందు తాడు, తరువాత కర్ర. ప్రతి ఫ్లై రాడ్డు మీదా పిడికి సమీపంలో ఒక సంఖ్య వ్రాసి ఉంటుంది. అది కర్ర బరువు కాదు, ఆ కర్ర మోయదగిన తాడు సంఖ్య. తాడు మొదటి 30 అడుగుల బరువును గ్రెయిన్లలో తూచి ఈ సంఖ్యలను నిర్ణయించారు. మూడవ నంబరు తాడు 100 గ్రెయిన్లు, ఐదవది 140, ఎనిమిదవది 210. మన తులానికి 180 గ్రెయిన్లు. అనగా ఐదవ నంబరు తాడు ముప్పాతిక తులం కంటె కొంచెం ఎక్కువ. ఎనిమిదవది తులం దాటుతుంది. ఇంత స్వల్పభేదం ఏమి చేస్తుందని అనుకోరాదు. సన్నని నంబర్లు చిన్న వాగులకు, చిన్న ఫ్లైలకు. ఎనిమిదవది పెద్ద ఫ్లైలకు, సాల్మన్ వంటి బలమైన చేపలకు, సముద్రపు గాలికి. నడుమనున్న ఐదవ నంబరు ట్రౌట్ నదులకు సరిపోతుంది.

మా అక్కగారి కుమారుడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఇంజనీరు. ఆ రాష్ట్రపు ఉత్తర భాగంలో ఆసేబుల్ అనే ట్రౌట్ నది కలదు. ట్రౌట్ సంరక్షణకై కృషిచేసే 'ట్రౌట్ అన్‌లిమిటెడ్' సంస్థ 1959లో ఆ నది ఒడ్డుననే పుట్టింది. మావాడు ఆ నదిని చూసి ముగ్ధుడై, ఒక దుకాణానికి పోయి, "అన్నిటికంటె మంచిది ఇవ్వండి" అని అడిగాడట. అడిగిన ప్రశ్నలోనే దోషం ఉన్నది. వారు వేయి డాలర్లకు సమీపంగా వెల గల, మిక్కిలి బిరుసైన ఎనిమిదవ నంబరు రాడ్డును చేతిలో పెట్టారు. నాలుగు ఆదివారాలు నదిలో నిలిచి విసిరాడు. తాడు తలకూ తుమ్మెద పొదలకూ చుట్టుకోవడమే గాని ముందుకు పోలేదు. భుజం వాచింది. "మామూ, ఇది మన చేతికి వచ్చే విద్య కాదు" అని ఫోనులో చెప్పి, రాడ్డును అటక మీద పడవేశాడు. వాని కంఠంలో ధ్వనించినది డబ్బు పోయిన విచారం మాత్రమే కాదు. తనకు చేతకాదన్న నిశ్చయం. మాకు బాధ కలిగించినది అదే.

కర్ర వంగే తీరే ఇక్కడి కీలకం. కొన్ని కొసన మాత్రమే వంగుతాయి. వీటిని ఫాస్ట్ అంటారు. కొన్ని పిడిదాకా వంగుతాయి, అవి స్లో. ఫాస్ట్ రాడ్డు నిపుణుని చేతిలో దూరం విసురుతుంది. అయితే దానిని వంచడానికి వేగమూ, తప్పని లయా కావలె. కొత్తవానికి ఆ రెండూ ఉండవు. తాడు వెనుక పూర్తిగా చాచుకొనే వరకు ఆగకపోవడమే కొత్తవారి ప్రధాన దోషం. నడిమి రకం రాడ్డు తాడు లాగుతున్న సంగతిని అరచేతికి తెలుపుతుంది. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు కదలాలో కర్రయే చెబుతుంది. బిరుసైన కర్ర ఏమీ చెప్పదు. కనుక ప్రారంభకులు మీడియం, లేదా మీడియం ఫాస్ట్ అని ఉన్నదానినే తీసుకోవలె.

పొడవు తొమ్మిది అడుగులు ఉత్తమం. తాడును వెనుకనున్న గడ్డికి పైగా లేపడానికీ, నీటిపై పడిన తాడును సవరించడానికీ ఆ పొడవు ఉపకరిస్తుంది. కొమ్మలు కమ్మిన వాగులకు ఏడున్నర, ఎనిమిది అడుగులు మేలు. నాలుగు ముక్కలుగా విడిపోయేది ప్రయాణాలకు సులువు.

ఇక్కడ ఒక చిన్న విశేషం. పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికా కళాకారులు వెదురును బద్దలుగా చీల్చి, ఆరు బద్దలను అతికించి రాడ్లు చేసేవారు. అందుకు మొదట వాడిన వెదురు మన దేశానిదే. 'కలకత్తా వెదురు' అని దానికి పేరు. తరువాత చైనా వెదురు దానిని తోసివేసింది. 1950లో అమెరికా చైనాతో వర్తకం నిలిపివేయగా ఫైబర్‌గ్లాసు ప్రబలింది. 1970ల నుండి కార్బన్ రాడ్లు వచ్చాయి. ఈనాడు ప్రారంభకునికి కార్బనే చాలు. వెదురు రాడ్డు అందమైనదే, దాని వెల మాత్రం కొత్తవానికి తగినది కాదు.

డబ్బు పరిమితమైనప్పుడు రాడ్డులో కొంత తగ్గించి అయినా మంచి తాడు కొనాలని మా అభిప్రాయం. చిన్న ట్రౌట్ విషయంలో చక్రం తాడు చుట్టిపెట్టుకొనే పెట్టె మాత్రమే. దానికి ఎక్కువ వెచ్చించనక్కరలేదు. రాడ్డు, చక్రం, తాడు కలిపి అమ్మే ప్రారంభకుల సెట్లు రెండు వందల డాలర్ల ప్రాంతంలో దొరుకుతున్నాయి. కొనేముందు దుకాణం వెలుపల తాడు ఎక్కించి విసిరి చూడాలి. వట్టి కర్రను గాలిలో ఊపి చూస్తే ఏమీ తెలియదు.

గత వేసవిలో మేము మిషిగన్ వెళ్ళినప్పుడు, పొరుగింటి వృద్ధుడొకరు మావానికి తన పాత ఐదవ నంబరు ఫైబర్‌గ్లాసు రాడ్డు ఎరువిచ్చారు. కొక్కెం లేకుండా, దారం కొసన ఎర్ర ఉన్నిపోగు కట్టి, ఇంటి ముందరి పచ్చికలో సాధన చేయించారు. మేమును ప్రయత్నించాము. మొదటిరోజు ఉన్నిపోగు మా టోపీకే తగులుకొంది. మూడవనాడు ముప్పై అడుగుల అవతల పెట్టిన పళ్ళెంలో వాలింది. మావాడు అటక మీది రాడ్డును సగం వెలకు అమ్మి, తొమ్మిది అడుగుల ఐదవ నంబరుది, నాలుగు ముక్కలది కొన్నాడు. ఈసారి స్వదేశానికి వచ్చేటప్పుడు దానిని వెంట తెస్తానని వ్రాశాడు. కశ్మీరులో ఆంగ్లేయుల కాలాన ప్రవేశపెట్టిన ట్రౌట్ నేటికీ లిద్దర్ వంటి నదులలో ఉన్నది. అక్కడి మత్స్యశాఖ అనుమతి పత్రం మాత్రం ముందుగా పొందవలసి ఉంటుంది.